సిలిండర్ మారింది, నడుముకున్న సీసం ఎంత మారాలి?

స్కూబా డైవ్ చివర 5 మీటర్ల లోతులో 3 నిమిషాలు ఆగాలి. సేఫ్టీ స్టాప్ అంటే అదే. సిలిండర్‌లో మిగిలిన గాలి ఒత్తిడి గేజ్‌లో 50 బార్ చూపిస్తోంది. అంతవరకూ ఏ ఇబ్బందీ లేదు. ఆగుదామని లోతు చూసుకుంటుండగా ముందు కాళ్లు లేచాయి, తర్వాత నడుము లేచింది. బీసీడీలో, అంటే తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లో ఉన్న గాలంతా వదిలేశాను. ఊపిరి ఖాళీ చేశాను. అయినా 4 మీటర్లు, 3 మీటర్లు... తల కిందికి పెట్టి ఫిన్లు కొడుతుంటే గాలి ఇంకా త్వరగా అయిపోతోంది. నా బడ్డీ (జోడీగా దిగిన డైవర్) గబగబా వచ్చి సిలిండర్ పట్టీ పట్టుకుని నన్ను కిందికి లాగాడు. మిగతా స్టాప్ మొత్తం అతని చేతి పట్టులోనే గడిచింది.

ఆ రోజు జరిగిన తేడా ఒక్కటే, సిలిండర్ మారింది. అంతకు ముందు చాలాకాలం నేను 12 లీటర్ల స్టీలు సిలిండర్‌తో, 5 మిల్లీమీటర్ల వెట్‌సూట్‌తో, తేలిపోకుండా నడుము బెల్ట్‌కు 5 కిలోల సీసంతో డైవ్ చేసేవాణ్ని. ఆ 5 కిలోలు ఒక్కో కిలో తీసి చూసుకుంటూ కుదుర్చుకున్న లెక్క. ఆ రోజు ఇచ్చింది అల్యూమినియం సిలిండర్, అందరూ ‘80’ అని పిలిచేది. చేత్తో ఎత్తి చూశాను. బరువు ఇంచుమించు అంతే. చూపుకు కూడా పెద్ద తేడా లేదు. అందుకే అదే బెల్ట్ కట్టుకుని దిగాను. దిగేటప్పుడు మొదటి రెండు మీటర్లు కాస్త కష్టమైంది. తల వంచి నాలుగు ఫిన్లు కొట్టాక సర్దుకుంది, ఇక దాని గురించి ఆలోచించలేదు. సముద్రం అప్పుడే విషయం చెప్పింది, నేనే వినలేదు.

అప్పటినుంచి ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయం ఒకటి ఏర్పడింది. సిలిండర్ మారినప్పుడు సీసం ఎంత మార్చాలన్నది దాని సైజును బట్టి చెప్పలేం, ఒడ్డున ఎత్తి చూసిన బరువును బట్టీ చెప్పలేం. దాదాపు ఖాళీ అయిన ఆ సిలిండర్ నీళ్లలో మునుగుతుందా, తేలుతుందా, ఎంత బలంగా తేలుతుంది అన్నదే చూడాలి. డైవ్ మొదట్లో నిండుగా ఉన్న సిలిండర్ సంగతి రెండోది. మనకు ఇబ్బంది వచ్చేది చివర్లో, సిలిండర్ ఖాళీ అయ్యాక, ఒక లోతులో కదలకుండా నిలబడాల్సిన సమయంలో.

ఒకే బరువున్న రెండు సిలిండర్లు నీళ్లలో వేరువేరుగా ఎందుకు ప్రవర్తిస్తాయో ఒకసారి కాగితం మీద వేసి చూసుకుంటే మళ్లీ మరచిపోం. బళ్లో చదివిన ఆర్కిమెడీస్ సూత్రం చాలు. ఒక వస్తువు ఎంత నీటిని పక్కకు తోస్తే, ఆ నీటి బరువంత బలం దాన్ని పైకి నెడుతుంది. లీటరు సముద్రపు నీరు సుమారు 1.025 కిలోలు. ఇప్పుడు రెండు ఖాళీ సిలిండర్లూ 14.2 కిలోల చొప్పున ఉన్నాయనుకుందాం. పైన ఉండే వాల్వ్ ఇంకో 0.8 కిలో. మొత్తం 15 కిలోలు.

ముందు అల్యూమినియం ‘80’. లోపలి ఖాళీ 11.1 లీటర్లు. అల్యూమినియం తేలికైన లోహం, లీటరుకు 2.7 కిలోలే తూగుతుంది. కాబట్టి 14.2 కిలోల లోహమే 5.3 లీటర్ల చోటు తీసుకుంటుంది. లోపలి ఖాళీ, గోడ కలిపితే 16.4 లీటర్లు. అంత సముద్రపు నీటి బరువు 16.8 కిలోలు. సిలిండర్ బరువు 15. అంటే ఖాళీ సిలిండర్ 1.8 కిలోల బలంతో పైకి లేస్తుంది.

స్టీలు ‘12’కు లోపలి ఖాళీ 12 లీటర్లు. స్టీలు లీటరుకు 7.8 కిలోలు. 14.2 కిలోల స్టీలు 1.8 లీటర్ల చోటులో సరిపోతుంది. మొత్తం 13.8 లీటర్లు, అంత నీటి బరువు 14.1 కిలోలు. సిలిండర్ 15. ఇది ఖాళీగా ఉన్నా 0.9 కిలో బలంతో కిందికే లాగుతుంది.

రెంటికీ మధ్య తేడా 2.7 కిలోలు. ఒడ్డున మాత్రం రెండూ ఒకే బరువు! స్టీలుకు బలం ఎక్కువ కాబట్టి పల్చటి గోడ చాలు. అల్యూమినియం అదే ఒత్తిడికి ఆగాలంటే గోడ మందంగా ఉండాలి. మందం పెరిగితే బయటి సైజు పెరుగుతుంది, బయటి సైజు పెరిగితే తేలుతుంది. ఇంకో చిన్న సంగతి, సీసం కూడా కాస్త నీటిని తోస్తుంది కదా. కిలో సీసం నీళ్లలో 0.91 కిలో పనే చేస్తుంది. అంటే ఆ 2.7 కిలోల తేడాకు 3 కిలోల సీసం కావాలి. నా 5 కిలోలు ఆ రోజు 8 కావాల్సింది.

ఇక గాలి సంగతి. గాలికి బరువేముంది అనుకునేవాళ్లు చాలామంది. మామూలు ఒత్తిడిలో లీటరు గాలి సుమారు 1.2 గ్రాములు. 11.1 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ నింపితే 2,220 లీటర్ల గాలి, అంటే దాదాపు 2.7 కిలోలు. ఒక్కో శ్వాసకూ ఆ బరువు బుడగలై పైకి వెళ్లిపోతుంది. అందుకే ఆ అల్యూమినియం సిలిండర్ డైవ్ మొదట్లో 0.9 కిలో మునుగుతూ, పూర్తిగా ఖాళీ అయితే 1.8 కిలోలు తేలుతూ ఉంటుంది. స్టీలు ‘12’లో గాలి 2.9 కిలోలు. అదీ అంతే తేలికవుతుంది కానీ మునిగే వైపే మొదలై మునిగే వైపే ఆగుతుంది. నేను 5 కిలోలతో ఎలాగో దిగగలగడానికి కారణం కూడా ఇదే. నిండు సిలిండర్‌లోని గాలి బరువు నా లోటును చాలావరకు కప్పిపెట్టింది. ఆ గాలి పీల్చేశాక లోటు బయటపడింది.

ఈ లెక్క వేశాక, డైవ్ బోట్ల మీద తరచుగా వినబడే కొన్ని సలహాలు తప్పని నాకు తెలిసింది. ఒకటి, ‘చిన్న సిలిండర్ తేలిక, కాబట్టి ఒక కిలో పెంచుకో’ అనేది. అల్యూమినియంలోనే ‘63’ అని చిన్నది ఉంది. గాలి తక్కువ వాడేవాళ్లకు, చిన్న ఒంటివాళ్లకు ఇస్తారు. అది ఖాళీగా ఉన్నప్పుడు తేలేది సుమారు ఒక కిలో మాత్రమే. అంటే ‘80’ నుంచి ‘63’కు మారేవాళ్లు సీసం పెంచనక్కర్లేదు సరికదా, కాస్త తగ్గించుకోవచ్చు. ఒడ్డున తేలిగ్గా ఉన్నది నీళ్లలో తక్కువ తేలుతుందంటే మనసు ఒప్పుకోదు. కాగితం మీద వేసి చూస్తే ఒప్పుకుంటుంది.

రెండోది, ‘పెద్ద సిలిండర్ కాబట్టి అంత సీసం తీసెయ్’ అనేది. స్టీలు ‘12’ నుంచి స్టీలు ‘15’కు వెళ్తే 200 బార్ దగ్గర గాలి బరువు 2.9 నుంచి 3.6 కిలోలకు పెరుగుతుంది. మొదట్లో ఆ 0.7 కిలో ఎక్కువ తెలుస్తుంది. కానీ అది మనతో చివరిదాకా ఉండే బరువు కాదు. దాన్ని చూసి సీసం తీసేస్తే చివర్లో ఆ 0.7 కిలో వెతుక్కోవాలి. ఖాళీ ‘15’, ఖాళీ ‘12’ కంటే నీళ్లలో ఎంత ఎక్కువ మునుగుతుందో, అంతే తీయాలి. అది తయారీని బట్టి మారుతుంది. ఒక్కోసారి తేడా ఏమీ ఉండకపోవచ్చు.

పేర్ల గందరగోళం కూడా కొంత ఉంది. ‘80’ అంటే నింపినప్పుడు పట్టే గాలి, ఘనపుటడుగుల్లో. నిజానికి అది 77.4 మాత్రమే. ‘12’ అంటే లోపలి ఖాళీ, లీటర్లలో. ఒకటి గాలి కొలత, ఇంకొకటి పాత్ర కొలత. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ‘ఏది పెద్దది’ అని అడిగితే అర్థమే లేదు. లోహం ఏదో తెలియకపోతే అడుగు చూడండి. అల్యూమినియం సిలిండర్లు సాధారణంగా చదును అడుగుతో తమంతట తామే నిలబడతాయి. స్టీలువి గుండ్రటి అడుగుతో ఉంటాయి కాబట్టి కింద రబ్బరు తొడుగు వేస్తారు.

ఇప్పటిదాకా చెప్పింది బరువు తక్కువైన కథ. నా అసలు వాదన మాత్రం ఎక్కువ బరువు మీద. ఎందుకంటే తక్కువైతే సముద్రం చెప్పేస్తుంది. దిగడం కష్టమవుతుంది, స్టాప్ దగ్గర నిలబడలేం, భయమేస్తుంది, మర్నాడు సరిచేసుకుంటాం. ఎక్కువైతే అలా కాదు. అది దాక్కుంటుంది. అల్యూమినియంతో 8 కిలోలకు అలవాటైన మనిషి స్టీలు సిలిండర్‌తో అదే 8 కట్టుకుంటే హాయిగా, నిటారుగా దిగిపోతాడు. ‘ఈ రోజు ఎంత సులువుగా దిగానో’ అని సంతోషిస్తాడు కూడా. ఆ సంతోషం వెనక ఉన్నది 2.7 కిలోల అనవసరపు బరువు. నిండు సిలిండర్‌లో ఖర్చు కావాల్సిన గాలి ఇంకో రెండు కిలోలు. దాదాపు 5 కిలోల భారాన్ని ఆ మనిషి డైవ్ మొదలు నుంచి బీసీడీలో గాలి కొట్టి మోయాలి.

ఆ గాలి ఊరికే కూర్చోదు. 20 మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి మూడు రెట్లు. అక్కడ అనవసరపు బరువును మోయడానికి బీసీడీలో 3 లీటర్ల గాలి అదనంగా కొట్టారనుకోండి. 10 మీటర్లకు వచ్చేసరికి అది 4.5 లీటర్లు, 5 మీటర్ల దగ్గర 6 లీటర్లు. రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన సూత్రమే ఇది. ఒత్తిడి తగ్గినకొద్దీ వాయువు ఉబ్బుతుంది. సమయానికి వదలకపోతే ఉబ్బిన గాలి పైకి లాగుతుంది, పైకి పోయినకొద్దీ ఇంకా ఉబ్బుతుంది. అంటే ఎక్కువ బరువు కట్టుకున్న మనిషికి కూడా చివర్లో రాకెట్‌లా పైకి దూసుకుపోయే ప్రమాదం ఉంది. సీసం ఎక్కువైతే మునుగుతామనే మనం అనుకుంటాం. తేల్చేసేది కూడా అదే కావచ్చు.

దానికి తోడు ఒళ్లు ఏటవాలుగా మారి కాళ్లు కిందికి వేలాడతాయి, ఈదుతుంటే నీరు అడ్డుపడుతుంది, గాలి త్వరగా అయిపోతుంది. ఫిన్లు అడుగున పగడాలకు తగులుతాయి. పగడాలు విరగ్గొట్టే డైవర్లలో చాలామంది మోటుమనుషులు కారు, కేవలం రెండు మూడు కిలోలు ఎక్కువ మోస్తున్నవాళ్లని నేను నమ్ముతాను.

‘ఇంకో కిలో వేసుకో, ఏం కాదు’ అనే గైడ్‌ను నేను అర్థం చేసుకోగలను. ఆరుగురు దిగాలి, ఒకరు తేలుతూ ఉండిపోతే మిగతా ఐదుగురూ కింద ఎదురుచూడాలి. కెరటం ఉంటే ఇంకా టెన్షన్. ఆ క్షణంలో కిలో సీసం చాలా చవకైన పరిష్కారం. కానీ కొత్తవాళ్లు దిగలేకపోవడానికి కారణం చాలాసార్లు సీసం తక్కువవడం కాదు, ఊపిరి. భయంగా ఉన్న మనిషి ఊపిరితిత్తులు సగం నింపుకునే ఉంటాడు. 2 లీటర్ల గాలి లోపల ఎక్కువ ఉంటే 2 కిలోలు తేలినట్టే. నెమ్మదిగా, పూర్తిగా ఊపిరి వదలమని ఒక నిమిషం కేటాయిస్తే చాలామంది దిగిపోతారు. కాదని సీసం చేతిలో పెడితే, ఆ మనిషి లాగ్‌బుక్‌లో ‘నా బరువు 10 కిలోలు’ అని ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఆ రోజు ఏ సిలిండరో, ఎంత భయమో మాత్రం అందులో ఉండదు.

‘తక్కువ బరువు నిజమైన ప్రమాదం, ఎక్కువైతే బీసీడీతో సర్దుకోవచ్చు కదా’ అని వాదించే అనుభవజ్ఞులు ఉన్నారు. స్టాప్ దగ్గర తేలిపోయినవాణ్ని కాబట్టి ఆ మాటలో మొదటి సగం ఒప్పుకుంటాను. రెండో సగంతోనే పేచీ. బీసీడీ పాడవకుండా ఉన్నంతసేపే ఆ సర్దుబాటు. గొట్టం ఊడినా, సంచి చిరిగినా, ఆ 5 కిలోల్ని కాళ్లతోనే పైకి మోయాలి. 1943లో కూస్తో, గాన్యాన్ నీళ్లలో గాలి పీల్చుకునే ఆక్వాలంగ్ పరికరాన్ని తయారుచేసినప్పుడు ఒంటికి గాలిసంచి లేదు. అప్పటి డైవర్లు సీసాన్ని, ఊపిరిని నమ్ముకుని నీళ్లలో నిలబడ్డారు. బీసీడీ రావడం మేలే, అందులో సందేహం లేదు. అయితే అది వచ్చాక సీసం లెక్కలో మన జాగ్రత్త తగ్గింది.

ఒక్కచోట మాత్రం నా లెక్క చాలదు, అది చెప్పకపోతే తప్పవుతుంది. మందపాటి వెట్‌సూట్, బరువైన స్టీలు సిలిండర్ కలిసినప్పుడు. వెట్‌సూట్‌లో ఉండేవి గాలి బుడగలు. 30 మీటర్ల లోతులో ఒత్తిడి నాలుగు రెట్లు కాబట్టి అవి బాగా నలిగిపోయి సూట్ తేలే గుణం చాలావరకు పోతుంది. పైన సూట్‌ను ముంచడానికి ఉపయోగపడిన బరువంతా అక్కడ భారమే. అది బెల్ట్‌లో సీసంగా ఉంటే అత్యవసరంలో బకిల్ తీసి వదిలేయవచ్చు. సిలిండర్ రూపంలో వీపు మీద ఉంటే వదలలేం, మనం పీల్చే గాలి దాంట్లోనే ఉంది. అల్యూమినియం నుంచి స్టీలుకు మారి 3 కిలోల సీసం తీశానని సంతోషించే ముందు, వదిలేయగలిగిన బరువు ఎంత మిగిలిందో చూసుకోవాలి. నిండు సిలిండర్‌తో, అడుగు నుంచి, బీసీడీ పనిచేయకపోయినా ఈదుకుంటూ పైకి రాగలమా అన్నది అసలు పరీక్ష. రాలేకపోతే అలాంటి సూట్‌కు ఆ సిలిండర్ వద్దనే నేనంటాను. స్టీలే మేలని వాదించే మిత్రులతో నాకు ఇక్కడ కుదరదు.

బరువు ఎంత అన్నదే కాక, ఎక్కడ అన్నది కూడా మారుతుంది. అల్యూమినియం ఖాళీ అవుతున్నకొద్దీ అడుగు భాగం లేచి నడుము దగ్గర ఎత్తుతుంది. బెల్ట్‌లో కలపాల్సిన 3 కిలోల్లో ఒకటో రెండో సిలిండర్ పట్టీకి తగిలిస్తే ఒళ్లు సమంగా ఉంటుంది. స్టీలుకు మారినప్పుడు ముందుగా తీయాల్సింది కూడా అక్కడినుంచే.

మంచినీటి నుంచి సముద్రానికి మారితే అది పూర్తిగా వేరే లెక్క. మనిషి, సామాను కలిపి 100 కిలోలైతే సుమారు 2.5 కిలోలు పెంచాలి. నీళ్లూ, సిలిండరూ ఒకేసారి మారిస్తే ఏది దేనివల్లో తెలియదు, కాబట్టి ఆ రెండూ విడివిడిగా రాసుకోవడం మంచిది.

నెట్‌లో సిలిండర్ల పట్టికలు దొరుకుతాయి. మొదటి అంచనాకు అవి చాలు. కొన్నిట్లో వాల్వ్ కలిపి ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. కొన్ని సముద్రపు నీటికి, కొన్ని మంచినీటికి. అందుకే కొత్త సిలిండర్‌తో మొదటి డైవ్ అయ్యాక, గేజ్ 50 బార్ దగ్గర ఉన్నప్పుడు, లోతు తక్కువ ఉన్నచోట నేను నీళ్లలోనే ఇంకో ఐదు నిమిషాలు ఉంటాను. బీసీడీ పూర్తిగా ఖాళీ. మామూలుగా ఊపిరి తీసుకుని ఆపితే నీటిమట్టం కళ్ల దగ్గర ఉండాలి, వదిలితే మెల్లగా మునగాలి. చకచకా మునిగితే ఒక కిలో తీసి బడ్డీకి ఇస్తాను, మళ్లీ చూస్తాను. అల్యూమినియమైతే ఒక మాట గుర్తుపెట్టుకుంటాను. ఆ 50 బార్ కూడా అయిపోతే ఇంకో 0.7 కిలో తేలిక అవుతుంది. కాబట్టి అక్కడ చివరి కిలో తీయను.

తేలిపోయిన ఆ డైవ్ తర్వాత వారం తిరక్కుండా అదే రకం ‘80’తో మళ్లీ దిగాను. బెల్ట్‌లో 6, సిలిండర్ పట్టీకి 2. చివర్లో 5 మీటర్ల దగ్గర బీసీడీలో చుక్క గాలి లేదు. ఊపిరి తీసుకుంటే ఒక జానెడు లేచాను, వదిలితే ఒక జానెడు దిగాను. బడ్డీ చెయ్యి చాచి దగ్గర్లోనే ఉన్నాడు, పట్టుకోవాల్సి వస్తుందేమోనని. 3 నిమిషాలయ్యాక చెయ్యి వెనక్కి తీసుకుని పైకి పోదామని బొటనవేలు చూపించాడు.